వైకుంఠపాళిని పాత పద్ధతిలో గీసి ఆడడం ఎలా

పిల్లల పుట్టినరోజులకు కానుకగా వచ్చే లూడో అట్టను వెనక్కి తిప్పితే నూరు గడులు, రంగురంగుల పాములు, నిచ్చెనలు ఉన్న మరో ఆట కనిపిస్తుంది. పేరు ఇంగ్లిషులో ఉంటుంది కనుక, గడుల్లో అంకెలు తప్ప మరో అక్షరం ఉండదు కనుక, అది ఇంగ్లండు నుంచి మనకు వచ్చిన ఆటేనని చాలామంది అనుకుంటారు. అమ్మమ్మల ఇళ్లలో చూసిన వైకుంఠపాళి పటం గుర్తున్నవాళ్లు కూడా, ఆ ఇంగ్లిషు ఆటకే ఎవరో దేవుడి బొమ్మలు చేర్చి దాన్ని తయారుచేశారని భావించడం నేను ఎన్నోసార్లు విన్నాను. జరిగింది దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. పటం ఇక్కడిది, అట్ట అక్కడిది. పటంలోని పేర్లన్నీ తుడిచిపెట్టగా మిగిలినదే మనం ఇవాళ దుకాణంలో కొంటున్న ఆట.

ఆ పేర్లను తిరిగి గడుల్లో చేర్చి, పటాన్ని ఇంట్లోనే గీసుకొని, అర్థం తెలుసుకుంటూ ఆడడం ఎలాగో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. చార్టు పేపరు, స్కేలు, పెన్సిలు, రంగులు, ఒక పాచిక ఉంటే చాలు. ముక్కోటి ఏకాదశి నాడు గానీ, శివరాత్రి జాగరణ రాత్రి గానీ ఆడదలచినవారు ముందు రోజే గీసి పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే గీయడానికి ఒక పూట పడుతుంది, ఆ పూట ఆటలో సగమంత విలువైనది.

ముందుగా ఏ పటం గీయాలో నిర్ణయించుకోవాలి. మన తెలుగునాట తిరునాళ్లలోనూ, గుడి ముందు పుస్తకాల దుకాణాల్లోనూ అమ్మే పటాలకు వైకుంఠపాళి అనీ, పరమపద సోపాన పటం అనీ పేర్లు. పాళి అంటే వరుస, సోపానం అంటే మెట్టు. వాటిలో 132 గడులున్నవి తరచుగా కనిపిస్తాయి. పాములకు పురాణాల్లోని రాక్షసుల పేర్లుంటాయి, పై వరుసలకు చేరువలో కాచుకొని ఉండే పెద్దపాము నోట్లో పడితే ఆటగాడు నేరుగా అట్టడుక్కు దిగిపోతాడు. ఈ పటం ఎంతో అందమైనది, కానీ కొత్తగా గీసేవారికి గడులు ఎక్కువ, బొమ్మలు ఎక్కువ. అందుకని ఉత్తర భారతంలో వైష్ణవులు ఆడిన 72 గడుల పటాన్ని ఎంచుకోమని నా సలహా. అక్కడ ఈ ఆటను జ్ఞాన చౌపర్ అంటారు. గడులు తక్కువే అయినా ఆలోచన అదే, పైగా గడుల అమరికలో ఉన్న పొందిక చిన్న పటంలో తేటగా కనిపిస్తుంది.

ఈ కుటుంబానికి చెందిన పటాలు ఒక్క మతానికే పరిమితం కాలేదన్న సంగతి గీయబోయే ముందు తెలుసుకోవడం అవసరం. జైనులు 84 గడుల పటాన్ని ఆడారు, దాని శిఖరాన వైకుంఠానికి బదులు ముక్తజీవులు ఉండే సిద్ధశిల చంద్రవంక ఆకారంలో ఉంటుంది. సూఫీ సాధకుల కోసం పారశీ, అరబీ పేర్లతో గీసిన పటాలు ఉన్నాయి. నేపాలులో దీన్ని నాగపాశం అంటారు. టిబెట్టు బౌద్ధుల వద్ద పాములు లేకుండా లోకాల మధ్య ఎక్కుతూ దిగుతూ సాగే ఇలాంటి ఆట ఒకటి ఉంది, దాన్ని 13వ శతాబ్దికి చెందిన సాక్య పండితుడు కూర్చాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. మరాఠీవారు మోక్షపటం అంటారు, 13వ శతాబ్ది మరాఠీ భక్తకవి జ్ఞానేశ్వరుడే దాన్ని రూపొందించాడని వారిలో ఒక నమ్మకం ఉంది. నమ్మకాన్ని నమ్మకంగానే గౌరవించాలి, ఎందుకంటే ఇప్పుడు భద్రంగా ఉన్న జ్ఞాన చౌపర్ పటాలు ఆయన కాలానికి ఎన్నో వందల ఏళ్ల తర్వాతివి. 18వ శతాబ్ది చివర లక్నోలో ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన రిచర్డ్ జాన్సన్ సేకరించిన చిత్రాల్లో అలాంటి పటం ఒకటి ఉంది, ఆ సేకరణ నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఇక గీయడం మొదలుపెడదాం. దుకాణంలో దొరికే మామూలు చార్టు పేపరు సుమారు 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని నిలువుగా పరచి, అడుగున ఒక సెంటీమీటరు, రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు వదిలి, 6 సెంటీమీటర్ల గడులను అడ్డంగా 9, నిలువుగా 8 వచ్చేలా పెన్సిలుతో గీయాలి. అలా గీస్తే గడుల భాగం 54 సెంటీమీటర్ల వెడల్పు, 48 సెంటీమీటర్ల ఎత్తు అవుతుంది, పైన 22 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని మాత్రం తగ్గించకండి. వైకుంఠం బొమ్మ అక్కడికి వస్తుంది. శేషతల్పం మీద పవళించిన విష్ణువును గీయగలిగితే మంచిదే, చేతకాకపోతే గోపురం, రెండు దీపాలు గీసినా సరిపోతుంది. మా ఇంట్లో ఈ భాగాన్ని ఎప్పుడూ పిల్లలకే అప్పగిస్తాము.

అంకెలు వేయడంలో పొరపాటు జరిగితే పటం మొత్తం చెడిపోతుంది కనుక ఇక్కడ నిదానం కావాలి. అట్టడుగు వరుసలో ఎడమ మూల 1తో మొదలై కుడి మూల 9 దాకా సాగుతుంది. రెండో వరుస కుడి నుంచి ఎడమకు, అంటే 9కి సరిగ్గా పైన 10, 1కి సరిగ్గా పైన 18 వస్తాయి. మూడో వరుస మళ్లీ ఎడమ నుంచి కుడికి. నాగలి సాలు చివర ఎద్దులు మళ్లినట్టు ఇలా మళ్లుతూ పోతే, ఎనిమిదో వరుస కుడి మూల 64తో మొదలై ఎడమ మూల 72తో ముగుస్తుంది. సరిచూసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. నట్టనడుమ నిలువు వరుసను అడుగు నుంచి చదివితే 5, 14, 23, 32, 41, 50, 59, 68 రావాలి, ఒక్కొక్కటి తొమ్మిదేసి పెరగాలి. ఆ వరుస సరిగ్గా వస్తే మిగతావన్నీ సరిగ్గా వచ్చినట్టే.

ఈ నడిమి వరుసను తొందరపడి దాటిపోకండి, పటానికి వెన్నెముక అదే. 5లో భూలోకం, 14లో భువర్లోకం, 23లో స్వర్గం, 32లో మహర్లోకం, 41లో జనోలోకం, 50లో తపోలోకం, 59లో సత్యలోకం అని రాయాలి. సంధ్యావందనంలోనూ పురాణాల్లోనూ వినే ఊర్ధ్వలోకాలు ఏడూ ఒకదాని మీద ఒకటి అదే క్రమంలో నిలబడతాయి. వాటన్నిటి మీద 68లో వైకుంఠం ఉంటుంది. గమ్యం చివరి గడి అయిన 72లో కాక 68లో ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. వైకుంఠం పై వరుసకు సరిగ్గా నడుమ ఉండాలి, ఏడు లోకాలకు శిఖరంగా ఉండాలి. దుకాణంలో దొరికే అట్టలో మూలనున్న 100కు చేరడమే గెలుపు, అక్కడ మూలకైనా నడుమకైనా అర్థంలో తేడా లేదు.

తర్వాత అట్టడుగు వరుస నింపాలి. 1 జన్మ, 2 మాయ, 3 క్రోధం, 4 లోభం, 5 భూలోకం, 6 మోహం, 7 మదం, 8 మాత్సర్యం, 9 కామం. చదివి చూడండి. పుట్టిన వెంటనే మాయ, ఆ పైన కామక్రోధాది అరిషడ్వర్గం మొత్తం, వాటి నడుమ భూలోకం. తొమ్మిది గడుల్లో మనిషి పుట్టుకను, వాడి చుట్టూ ఉండే ఆరుగురు శత్రువులను ఇంత క్లుప్తంగా పేర్చిన వ్యక్తి ఎవరో గానీ, వారి చేతికి నమస్కరించాలనిపిస్తుంది.

ఇప్పుడు నిచ్చెనలు. పాములకన్నా ముందు వీటినే గీయాలి, ఎందుకంటే నిచ్చెన నిటారుగా పోవలసిందే, పామును మాత్రం ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. నిచ్చెన రెండు కర్రల మధ్య ఒక సెంటీమీటరు, మెట్టుకూ మెట్టుకూ మధ్య రెండు సెంటీమీటర్లు ఉంచితే అడుగునున్న పేర్లు కనబడతాయి. 10లో శుద్ధి అని రాసి అక్కడి నుంచి 23లోని స్వర్గానికి నిచ్చెన వేయాలి. 20లోని దానం 32లోని మహర్లోకానికి, 27లోని పరమార్థం 41లోని జనోలోకానికి, 28లోని సుధర్మం 50లోని తపోలోకానికి చేరుస్తాయి. ఈ నాలుగూ నడిమి వరుసలోని లోకాలకే పోతాయని మీ చేతితో గీస్తున్నప్పుడే తెలుస్తుంది. 22లోని ధర్మం 60లోని సద్బుద్ధికి, 46లోని వివేకం 62లోని సుఖానికి తీసుకుపోతాయి. 37లోని జ్ఞానం 66లోని ఆనందలోకానికి, 45లోని సువిద్య 67లోని రుద్రలోకానికి చేరతాయి. 17లోని దయ నుంచి 69లోని బ్రహ్మలోకానికి పోయేది అన్నిటికన్నా పొడవైన నిచ్చెన, ఒక్కసారిగా 52 గడులు ఎక్కిస్తుంది. చివరిది, నేరుగా గమ్యానికి పోయేది, 54లోని భక్తి నుంచి 68లోని వైకుంఠానికి వేయాలి. దీన్ని పసుపు రంగుతో గానీ బంగారు రంగుతో గానీ వేయడం బాగుంటుంది.

పాములు కూడా పదే. 12లో ఈర్ష్య తల, 8లోని మాత్సర్యంలో తోక. 16లో ద్వేషం, తోక 4లోని లోభంలో. 24లో చెడు సాంగత్యం, తోక 7లోని మదంలో. 29లో అధర్మం, తోక 6లోని మోహంలో. 44లో అవిద్య, తోక 9లోని కామంలో. 63లో తమస్సు, తోక 3లోని క్రోధంలో. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అరిషడ్వర్గంలోని ఆరింటికీ ఒక్కో పాము తోక తగిలింది, ఏదీ మిగిలిపోలేదు, ఏదీ రెండుసార్లు రాలేదు. ఈర్ష్య పడినవాడు మాత్సర్యంలోకి, చదువు లేనివాడు కామంలోకి, తమస్సు కమ్మినవాడు క్రోధంలోకి జారడంలో ఉన్న తర్కాన్ని పిల్లలు కూడా ఒప్పుకుంటారు. ద్వేషం లోభంలోకి ఎందుకు దించుతుందని మాత్రం మా ఇంట్లో ప్రతిసారీ వాదన జరుగుతుంది, ఆ వాదన ఇంకా తెగలేదు.

మిగిలిన నాలుగు పాముల తోకలు అరిషడ్వర్గం గడుల్లో కాక వేరే చోట్ల ఉంటాయి, అందుకే వాటిని వేరుగా చెబుతున్నాను. 52లోని హింస 35లోని నరకానికి, 61లోని దుర్బుద్ధి 13లోని అంతరిక్షానికి దించుతాయి. 55లోని అహంకారం 2లోని మాయకు దించుతుంది. 72లోని తమోగుణం 51లోని పృథ్వికి దించుతుంది. పాము ఒళ్లు వేలెడు మందానికి మించకుండా, తల మాత్రం గడిలో సగం నిండేలా గీయాలి. తమస్సు పాము అన్నిటికన్నా పొడవైనది, కుడి అంచు నుంచి పటం మొత్తాన్ని అడ్డంగా కోసుకుంటూ ఎడమ దిక్కుకు దిగుతుంది కనుక దాన్ని లేత రంగుతో వేసి, నడిమి వరుసలోని లోకాల పేర్లు కప్పుకుపోకుండా గడుల సందుల గుండా వంచాలి. మొదటిసారి నేను దాన్ని నల్ల మార్కరుతో వేసి చార్టు పాడు చేసుకున్నాను, మళ్లీ మొదటి నుంచి గీయవలసి వచ్చింది.

మిగిలిన గడులను ఖాళీగా వదిలినా ఆట ఆగదు, కానీ పాత పటాల్లో ప్రతి గడికీ పేరుంటుంది. 47, 48, 49 గడుల్లో సరస్వతి, యమున, గంగ అని రాయవచ్చు. నిచ్చెన ఎక్కకుండా నడిచి వచ్చేవారికి ఈ మూడు నదులూ దాటితేనే 50లోని తపోలోకం వస్తుంది. తక్కిన చోట్ల ఇంట్లోవారంతా కూర్చొని, ఆ ఎత్తుకు తగిన గుణమో, స్థలమో ఆలోచించి రాసుకోవచ్చు.

రంగులు ఆరిన తర్వాత, ఆట మొదలుపెట్టక ముందు, పటం అంచులను ఒకసారి చదవమని ప్రత్యేకంగా కోరుతున్నాను. కుడి అంచున అడుగున కామం ఉంటుంది, దాని మీద వరుసగా శుద్ధి, పరమార్థం, సుధర్మం, సువిద్య, వివేకం అనే అయిదు నిచ్చెనలు ఒకదానిపై ఒకటి ఉంటాయి, వాటి నెత్తిన తమస్సు పాము కూర్చొని ఉంటుంది. ఎడమ అంచు ఇంకా గంభీరమైనది. అయిదో వరుసలో జ్ఞానం, దానిపై భక్తి, దానిపై అహంకారం, అన్నిటిపైనా తమోగుణం. భక్తి 54, అహంకారం 55. రెండింటికీ ఒక్క అడుగే దూరం. వైకుంఠానికి నేరుగా పోయే నిచ్చెన గడికి సరిగ్గా పైన, మాయలోకి దించే పాము నోరు తెరుచుకొని ఉంటుంది. భక్తి దగ్గరకు వచ్చి అక్కడ ఆగకుండా ఒక్క గడి దాటినవాడు 55 నుంచి 2కు పడిపోతాడు, జన్మ ఎత్తిన గడి పక్కకే చేరతాడు. ఎన్ని ప్రవచనాలు విన్నా నాకు అంతగా నాటుకోని మాట ఈ రెండు గడులను గీస్తున్నప్పుడు నాటుకుంది.

ఈ పేర్లు పోయిన తీరు కూడా చెప్పుకోవాలి. 19వ శతాబ్ది చివర, భారతదేశంలో కొలువులు చేసి వెళ్లిన ఇంగ్లిషు కుటుంబాల ద్వారా ఆట ఇంగ్లండు చేరింది. 1892లో ఫ్రెడరిక్ హెన్రీ అయర్స్ అనే లండన్ ఆటవస్తువుల తయారీదారు పేరు మీద అక్కడ నమోదైంది. మొదట్లో వచ్చిన ఇంగ్లిషు అట్టల మీద కూడా నీతి ఉండేది, కానీ అది వారి కాలపు నీతి. పొదుపు, కష్టపడే గుణం నిచ్చెనలయ్యాయి, సోమరితనం, అవిధేయత పాములయ్యాయి. లోకాలు, జన్మలు, మోక్షం వారికి అక్కరలేదు కనుక అవి ముందే పోయాయి. తర్వాత నీతిబొమ్మలూ పోయి, పదేసి గడుల వరుసలు పదింటితో 100 అంకెలు మాత్రం మిగిలాయి. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ తెచ్చిన అట్టలో పాములు కూడా పోయి, వాటి చోట పిల్లల ఆటస్థలంలో ఉండే జారుడుబల్లలు వచ్చాయి. ఎవరి అవసరానికి తగినట్టు వారు మార్చుకున్నారు, అందులో తప్పు పట్టవలసింది లేదు. అలా బోసిపోయిన అట్టను మన పిల్లలకు అసలు ఆట అని ఇవ్వడమే నాకు బాధ కలిగిస్తుంది.

ఆడే విధానం తేలికైనది. ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఆడవచ్చు. పావులుగా వేర్వేరు రంగుల బొత్తాలో, గింజలో, గాజు ముక్కలో పెట్టుకోవచ్చు. మొదట అందరి పావులనూ 68లో, అంటే వైకుంఠంలోనే ఉంచే పద్ధతి ఒకటి ఉంది, నాకు అది ఎంతో ఇష్టం. జీవుడు అక్కడి నుంచే దిగి, తిరిగి అక్కడికే చేరాలి. పాచికలో 6 పడినప్పుడు పావును తెచ్చి 1లోని జన్మ మీద పెట్టి, మరో పందెం వేసి నడిపించాలి. 6 కోసం ఎదురుచూడడం చిన్నపిల్లలకు విసుగు పుట్టిస్తుంది కనుక వారికి 1 పడినా జన్మ ఇచ్చేయవచ్చు. పాము తల ఉన్న గడిలో ఆగితే తోక దాకా దిగాలి, నిచ్చెన మొదట్లో ఆగితే పైకి ఎక్కాలి, దారిలో వాటి మీదుగా దాటిపోతే ఏమీ జరగదు. ఒకే గడిలో ఎన్ని పావులైనా ఉండవచ్చు. అష్టాచెమ్మాలోలాగా ఇక్కడ ఒకరి పావును మరొకరు చంపరు. ఎవరి పామును వారే కలుసుకోవాలి, ఎవరి నిచ్చెనను వారే ఎక్కాలి.

నేను తప్పనిసరి అని చెప్పే నియమం ఒక్కటే ఉంది. పావు ఆగిన ప్రతిసారీ ఆ గడి పేరును ఆటగాడు పైకి చదవాలి, పాము మింగినా నిచ్చెన ఎక్కినా రెండు చివరల పేర్లూ చదవాలి. "అధర్మం నుంచి మోహానికి" అని తన నోటితో తాను చెప్పుకుంటూ దిగిన పిల్లవాడు మోహం అంటే ఏమిటని అడుగుతాడు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఆటను ఆపి, తెలిసిన కథ ఒకటి చెప్పాలి. మదానికి దుర్యోధనుడు, దానానికి కర్ణుడు, భక్తికి ప్రహ్లాదుడు, అహంకారానికి హిరణ్యకశిపుడు ఎలాగూ ఉన్నారు. జాగరణ రాత్రి తెల్లవారేది ఈ కథలతోనే.

గెలవడానికి సరిగ్గా 68లోనే ఆగాలి, అందుకే ఆట చివర రసవత్తరమవుతుంది. వైకుంఠం దాటి 69, 70, 71లకు పోయినవాడు వెనక్కి రాలేడు. సరిపడా పందెం పడి 72 చేరి, తమోగుణం పాము మీదుగా 51లోని పృథ్వికి దిగి, మళ్లీ పైకి రావాలి. 72 దాటే పందెం పడితే ఆ వంతు వదులుకోవాలి. దయ నిచ్చెన ఎక్కి బ్రహ్మలోకం చేరినవాడికి ఇదే గతి. అంకె ప్రకారం వాడు వైకుంఠం కన్నా పైనే ఉన్నాడు, కానీ పుణ్యఫలం అనుభవించాక భూమికి తిరిగి రాక తప్పదన్న మాటను పటం ఇక్కడ ఆడించి చూపిస్తుంది. పృథ్వి మీద నిలబడినవాడి తర్వాతి పందెం చూడండి. 1 పడితే హింస గడిలో ఆగి నరకానికి, 3 పడితే భక్తి గడిలో ఆగి వైకుంఠానికి, 4 పడితే అహంకారంలో ఆగి మాయకు. 2, 5, 6 పడితే ముందుకు నడక. నరకం, వైకుంఠం, మాయ మూడూ అక్కడి నుంచి ఒక్క పందెం దూరంలోనే ఉన్నాయి. వివేకం నిచ్చెన ఎక్కి 62లోని సుఖంలో కూర్చున్నవాడిది మరో పరీక్ష. 6 పడితే నేరుగా గెలుపు, 1 పడితే పక్కనే ఉన్న తమస్సు పాము 3లోని క్రోధం దాకా ఈడ్చుకుపోతుంది. మధ్యలో 30 నుంచి 43 దాకా మాత్రం ఒక్క పామూ లేదు, జ్ఞానం నిచ్చెన ఒక్కటే ఉంది. ఆటగాళ్లు ఊపిరి పీల్చుకునే చోటు అది.

పాచికకు బదులు గవ్వలతో ఆడాలనుకుంటే ఆరు గవ్వలు తీసుకొని, వెల్లకిలా పడినవి లెక్కపెట్టాలి. గవ్వలు దొరకనిచోట చింతపిక్కలను ఒకవైపు గచ్చు మీద అరగదీస్తే లోపలి తెల్ల పప్పు బయటపడుతుంది, తెల్లవైపు పైకి పడినవి లెక్కలోకి వస్తాయి. ఇలా ఆడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పాచికలో ఆరు అంకెలకూ సమానమైన అవకాశం ఉంటుంది, కానీ ఆరు గవ్వలను కలిపి వేసినప్పుడు 2, 3, 4 ఎక్కువగా పడతాయి, 6 చాలా అరుదుగా పడుతుంది. కాబట్టి గవ్వలతో ఆడేవారు 6 పడితేనే జన్మ అనే నియమం పెట్టుకోకుండా, అందరినీ నేరుగా 1 నుంచే మొదలుపెట్టనివ్వాలి. అన్నీ బోర్లా పడితే ఆ వంతు పోయినట్టే.

డాబా గానీ వాకిలి గానీ విశాలంగా ఉన్నవారు ఇదే పటాన్ని సుద్దముక్కతో నేల మీద గీయవచ్చు. అడుగు గడి వేసుకుంటే తొమ్మిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు స్థలం సరిపోతుంది, అప్పుడు పావులతో పని లేదు, పిల్లలే గడుల్లో నిలబడతారు. ఎక్కువ కాలం నిలవాలంటే కోరా బట్ట మీద బట్టల రంగులతో వేసుకొని, మడత పెట్టకుండా కర్రకు చుట్టి దాచుకోవాలి, మడతల దగ్గర రంగు ముందుగా పగులుతుంది.

మీ పెద్దల ఇంట్లో పాత వైకుంఠపాళి కాగితం ఏ పెట్టె అడుగునో ఉంటే, కొత్త పటం గీయడానికి ముందే దాన్ని బయటకు తీయండి. మడతల దగ్గర చిరిగి ఉంటుంది కనుక లాగి విప్పకుండా నేల మీద పరచి, పగటి వెలుతురులో ఫోటో తీసి, ప్రతి గడిలోని పేరునూ అందులో ఉన్న అక్షరాలతోనే ఒక నోటుపుస్తకంలో వరుసగా రాసుకోవాలి. అచ్చుతప్పులుగా కనిపించినవాటినీ దిద్దకండి, అవి ఆ ఊరి పలుకుబడి కావచ్చు. ఏ పాము తల ఎక్కడ, తోక ఎక్కడ, ఏ నిచ్చెన ఏ లోకానికి అన్నది అంకెలతో సహా రాయాలి. చదవలేని గడి ఉంటే ఇంట్లో అందరికన్నా పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. మా అమ్మమ్మ కళ్లజోడు లేకుండానే మూడు గడుల పేర్లు చెప్పింది.